సీల్డ్ కవర్లో కెప్టెన్సీ

శనివారం రాత్రి ఈడెన్ గార్డెన్స్‌లో మ్యాచ్‌ను వర్షం మింగేసింది. పంజాబ్ కింగ్స్ 201 పరుగులు చేసింది. కోల్‌కతా నైట్ రైడర్స్ ఒక్క ఓవర్ ఆడి 7 పరుగుల వద్ద ఉండగా ఆగిన ఆట మళ్లీ మొదలు కాలేదు. చెరొక పాయింటు దక్కింది. నిరుడు కోల్‌కతాకు కప్పు తెచ్చిపెట్టిన శ్రేయస్ అయ్యర్ ఈసారి ప్రత్యర్థి కెప్టెన్‌గా అదే మైదానానికి వచ్చి వెళ్లాడు.

పహల్గాం విషాదంతో దేశం బరువెక్కిన ఈ వారంలో క్రికెట్ గురించి రాయవచ్చునా అని సంకోచించాను. అయినా రాస్తున్నాను. ఈ వ్యవహారంలో నాకు ఆటతోపాటు, వృత్తిరీత్యా ఏళ్ల తరబడి చూస్తూ వచ్చిన అధిష్ఠానం సంస్కృతి కూడా కనబడుతోంది.

ముందు స్థితిగతులు చూద్దాం. 9 మ్యాచ్‌లలో 3 విజయాలు, 7 పాయింట్లు. మిగిలినవి 5. అన్నీ గెలిచినా 17 పాయింట్లే. ఏప్రిల్ 15న ముల్లన్‌పూర్‌లో 112 పరుగుల లక్ష్యాన్ని ఛేదించలేక మన జట్టు 95కే కుప్పకూలింది. ఐపీఎల్ చరిత్రలో పూర్తి మ్యాచ్‌లో ఏ జట్టూ అంత తక్కువ స్కోరును కాపాడుకోలేదు. ఆ రోజు కూడా ఎదుటి కెప్టెన్ శ్రేయసే.

ఈ దురవస్థకు బీజం నిరుడు అక్టోబర్ 31నే పడింది. ఆ రోజు ఫ్రాంచైజీ ఆరుగురిని అట్టిపెట్టుకుంది. రింకూ సింగ్‌కు 13 కోట్లు, వరుణ్ చక్రవర్తి, నరైన్, రసెల్‌లకు 12 కోట్ల చొప్పున, హర్షిత్ రాణా, రమణ్‌దీప్‌లకు 4 కోట్ల చొప్పున మొత్తం 57 కోట్లు. కానీ బోర్డు నిబంధన ప్రకారం చెల్లించిన మొత్తం, నిర్ణీత శ్లాబు మొత్తం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది పర్సులోంచి పోతుంది. అలా 69 కోట్లు పోయి, 120 కోట్లలో వేలానికి 51 కోట్లే మిగిలాయి. ఆరు స్థానాలూ నిండిపోవడంతో, వదిలేసిన ఆటగాడిని వేలంలో తిరిగి దక్కించుకునే ‘రైట్ టు మ్యాచ్’ అవకాశం కూడా లేకుండా పోయింది. కప్పు గెలిచిన కెప్టెన్ ఆ ఆరుగురిలో లేడు.

జెడ్డా వేలంలో శ్రేయస్‌ను పంజాబ్ 26.75 కోట్లకు తీసుకుంది. కోల్‌కతా తన 51 కోట్లలో 23.75 కోట్లు, అంటే దాదాపు సగం, వెంకటేశ్ అయ్యర్ ఒక్కడికే పెట్టింది. మొదటి విడతలో ఎవరూ అడగని అజింక్య రహానేను చివరకు కనీస ధర 1.5 కోట్లకు తెచ్చుకుని కెప్టెన్‌ను చేసింది. కెప్టెన్ వెల ఒకటిన్నర కోటి, వైస్ కెప్టెన్ వెల 23.75 కోట్లు! ఇంతా చేసి ఈ సీజన్‌లో నిలకడగా పరుగులు చేస్తున్నది రహానేనే. హైదరాబాద్‌పై 60, లక్నోపై 45 మినహాయిస్తే వెంకటేశ్ బ్యాటు పలకలేదు.

శ్రేయస్‌ను వదులుకోవడమే నేరమని నేననను. అట్టిపెట్టుకోవడానికి ఇరుపక్షాల అంగీకారం ఉండాలనీ, అతడే తన విలువను వేలంలో పరీక్షించుకోదలిచాడనీ ఫ్రాంచైజీ వైపు వాదన. గెలిచిన తరువాత తనకు దక్కవలసిన గుర్తింపు దక్కలేదన్నది ఆటగాడి మాట. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. అయితే ఆ గదిలో ఏం జరిగిందో టికెట్టు కొని వచ్చే ప్రేక్షకుడికి ఏనాడూ తెలియదు.

ఈ నగరానికి ఇది కొత్త అనుభవమూ కాదు. 2011 వేలంలో సౌరవ్ గంగూలీని సొంత ఊరి జట్టే వద్దనుకుంది. గాయపడిన నెహ్రా స్థానంలో ఆ సీజన్ మధ్యలో పుణె తీసుకుంది. 2012 మే 5న అతడు పుణె కెప్టెన్‌గా ఈడెన్‌లో దిగినప్పుడు స్టేడియం రెండుగా చీలిపోయింది. రెండు కప్పులు గెలిచిన గంభీర్ 2018లో ఢిల్లీ దారి పట్టాడు. 2021లో ఫైనల్‌కు చేర్చిన మోర్గాన్‌ను ఆ వెంటనే వదిలేశారు. ఇప్పుడు శ్రేయస్. గెలుపు యాజమాన్యానిది, కెప్టెన్ ఎవరైనా ఒకటే అన్న నమ్మకం ఇందులో ఉంది.

తెలుగువారికి ఈ ధోరణి బాగా ఎరుకే. 1978లో ఎన్నికైన శాసనసభ అయిదేళ్లు తిరగకుండానే చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, ఇలా నలుగురు ముఖ్యమంత్రులను చూసింది. పేరు ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్లో వచ్చేది, ఎమ్మెల్యేలు చేతులెత్తేవారు. దానికి 1983 జనవరిలో ఓటరు సమాధానం చెప్పాడు. క్రికెట్ అభిమానికి ఆ బ్యాలెట్ లేదు. 2021 మే 1న సన్‌రైజర్స్ యాజమాన్యం సీజన్ మధ్యలో డేవిడ్ వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తప్పించి, మర్నాటి మ్యాచ్‌లో తుది జట్టులోంచి కూడా తీసేసినప్పుడు హైదరాబాద్ చేయగలిగిందేమిటి? 2016లో కప్పు తెచ్చినవాడు, తెలుగు పాటలకు ఇంటిల్లిపాదితో చిందులేసి మన ఇళ్లలో మనిషైనవాడు! ఆ నవంబరులోనే అతడు టీ20 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు.

మరి ఇప్పుడేం చేయాలి? మొదటిది, రహానేను కదపకూడదు. 2020 అక్టోబర్ 16న, 7 మ్యాచ్‌లలో 4 గెలిచి ఉన్న జట్టుకు దినేశ్ కార్తీక్ స్థానంలో మోర్గాన్ కెప్టెన్ అయ్యాడు. చివరకు 14 పాయింట్లతో హైదరాబాద్, బెంగళూరు సరసన నిలిచి, నెట్ రన్‌రేట్‌లో వెనకబడి ఇంటిదారి పట్టింది. సీజన్ నడుమ నాయకుణ్ణి మార్చడం అన్నివేళలా మందు కాదు.

రెండోది, తుది జట్టును వేలం ధర నిర్ణయించకూడదు. ఫామ్‌లో లేని వైస్ కెప్టెన్‌ను పక్కన కూర్చోబెట్టడం అవమానం కాదు. పెట్టిన డబ్బు ఎలాగూ పోయింది. దాన్ని సమర్థించుకోవడానికి మిగిలిన అయిదు మ్యాచ్‌లనూ బలి ఇవ్వడం తెలివైన లెక్క కాదు. ఆ ధర వెంకటేశ్ అడిగింది కూడా కాదు, మనవాళ్లే పాడి పెంచారు. ప్రతి వైఫల్యానికీ అతడి వెలను ఎత్తిచూపే మనమూ కొంత తగ్గాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. నిర్ణయం తీసుకున్నవారు దానికి కారణం చెప్పాలి. అది అసాధ్యమేమీ కాదు. 2018 ఏప్రిల్ 25న, సీజన్ మధ్యలోనే, ఢిల్లీ కెప్టెన్ గంభీర్ విలేకరుల ముందు కూర్చుని ఓటములకు బాధ్యత తనదేనంటూ కెప్టెన్సీ వదులుకున్నాడు. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో అభిమానికి అతడి నోటనే తెలిసింది. ఆ పగ్గాలు అందుకున్న కుర్రవాడు రెండు రోజుల తరువాత తొలి మ్యాచ్‌లోనే అజేయంగా 93 పరుగులు చేశాడు. ఎదుట ఉన్నది కోల్‌కతా జట్టు. ఆ కుర్రవాడి పేరు శ్రేయస్ అయ్యర్.