కాలు పోయినందుకు వచ్చే సొమ్ము అప్పులవాళ్ళకి పోతుందా?

ఈసారి మన చట్టం శీర్షికకు సింధనూరు దగ్గరి ఒక క్యాంపు నుంచి ఒక సోదరి ప్రశ్న వచ్చింది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళను నమ్ముకుని వాళ్ళ తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మోటారు సైకిలు మీద వెళ్తున్న ఆమె భర్తను లారీ గుద్దింది, కాలు తీసేశారు. నష్టపరిహారం కేసు ట్రిబ్యునల్లో నడుస్తోంది. ఈలోగా ఎరువుల కొట్టులో, కమీషన్ కొట్టులో అప్పులు పెరిగిపోయాయి. "ఐ.పి. పెట్టేయండి" అని బంధువుల సలహా. "పెడితే ఆ కాలు డబ్బు కూడా అప్పులవాళ్ళకే పోతుందా?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, ముందు ఐ.పి. అంటే ఏమిటో చూద్దాం. మన జిల్లాలో మామూలు మనిషి దివాలా పిటిషన్ నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందనే సాగుతుంది. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది గాని, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే, అదీ 2019 డిసెంబరు నుంచి, అమలైంది. రైతుకు అది వర్తించదు.

కోర్టు దివాలాదారుగా ప్రకటించగానే ఆస్తి కోర్టు చేతికి, లేదా రిసీవరు చేతికి వెళుతుంది. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తు చెయ్యకూడనివి అందులో చేరవు. రైతు బతుకుతెరువుకు అవసరమైన ఎడ్లు, పనిముట్లు, విత్తనాలు ఈ కోవలోవే. అదే జాబితాలో "నష్టపరిహారం కోసం దావా వేసే హక్కు" కూడా ఉంది. కాబట్టి కేసు నడుస్తున్నంతకాలం మీవారి హక్కును అప్పులవాళ్ళు లాక్కోలేరు.

చిక్కు తీర్పు తరువాతే. అప్పుడది హక్కుగా కాక రావలసిన సొమ్ముగా మారుతుంది. దివాలా నుంచి విడుదల ఉత్తర్వు వచ్చేలోపు చేతికి వచ్చిన ఆస్తిని కూడా రిసీవరు కోరవచ్చు. మోటారు వాహనాల చట్టంలో ఈ సొమ్ముకు ప్రత్యేక రక్షణ మాట లేదు. ఒంటికి తగిలిన దెబ్బకూ, పడిన బాధకూ ఇచ్చేది మనిషి సొంతమనీ, అది అప్పులవాళ్ళది కాదనీ ఇంగ్లండులో 1849 నాటి బెక్‌హామ్ కేసు నుంచి ఉన్న సూత్రం. మీ వకీలు దాన్ని వాదించవచ్చు. గెలుపు ఖాయమని మాత్రం నేను చెప్పను.

పనిలో దెబ్బ తగిలినవారి సంగతి వేరు. హట్టి గనిలో కార్మికుడైనా, రైసు మిల్లులో చెయ్యి నలిగిన హమాలీ అయినా, 1923 నాటి కార్మిక పరిహార చట్టం 9వ సెక్షన్ ఆ సొమ్మును జప్తుకు గాని, తాకట్టుకు గాని, మరొకరికి బదిలీకి గాని లోబడకుండా కాపాడింది. 2025 నవంబరు నుంచి దాని స్థానంలో అమలైన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ రక్షణ ఉంది.

ఇంకొక భయం, లారీ యజమానే ఐ.పి. పెడితే? కంగారు పడకండి. లారీకి ఇన్సూరెన్సు ఉంటే, కంపెనీ మీద యజమానికున్న హక్కు దెబ్బ తిన్నవారికి సంక్రమిస్తుందని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది.

ఇక చెయ్యవలసినవి. ఐ.పి. పెడితే పిటిషన్‌లో ఈ కేసు సంగతి తప్పక రాయించండి. దురుద్దేశంతో దాస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. కేసు డబ్బు చూపి ఎవరికీ ఖాళీ కాగితాల మీద వేలిముద్ర, సంతకం పెట్టవద్దు. పొలం బ్యాంకులో తాకట్టులో ఉంటే ఐ.పి. ఆ తాకట్టును తీసివెయ్యదని గుర్తుంచుకోండి. పరిహారాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచి, నెలనెలా వడ్డీ ఇప్పించమని ట్రిబ్యునల్‌ను అడగండి. అప్పుల నుంచి అది పూర్తి రక్షణ కాకపోయినా, డబ్బు ఒక్కసారిగా చేజారదు.

అన్నిటికన్నా ముందు ఒక్కమాట. తీర్పు దగ్గర పడిన సమయంలో ఐ.పి. పెట్టడమా, అప్పులవాళ్ళను పెద్దమనుషుల ఎదుట కూర్చోబెట్టి వాయిదాలు అడగడమా అన్నది వకీలుతో కలిసి లెక్క వేసుకోండి. ఖర్చు భరించలేకపోతే రాయచూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవల ప్రాధికారాన్ని అడగండి. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. పోయిన కాలు తిరిగి రాదు. దాని పేరిట వచ్చే సొమ్మయినా పిల్లల చదువుకు మిగలాలని మా అందరి కోరిక.