పందెపు సైకిలుకు విశ్రాంతి దినము



చేవెళ్ల మండలము ఆలూరులో ఒక ఇంటి ప్రార్థన కూడికకు వెళ్లినప్పుడు, గోడకు ఆనించిన ఒక సైకిలు మా కంట పడింది. వంపు తిరిగిన హ్యాండిలు, సన్నని టైర్లు. పందెములకు వాడే సైకిలు. దానిమీద పాత చీర కప్పి ఉన్నది. దుమ్ము పడకుండా కప్పినారేమో అనుకొన్నాము. కూడిక ముగిసిన తరువాత ఆ ఇంటి తల్లి మమ్మును పక్కకు పిలిచింది.

“అయ్యగారూ, మా పిల్లగానికోసం జర ప్రార్థన చేయుండ్రి. నెల దినాలనుంచి సైకిలు ముడుతలేడు. కండ్లకు కనబడొద్దని వాడే చీర కప్పిండు.”

ఆ అబ్బాయి మాకు తెలిసినవాడే. ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. రెండేండ్ల క్రితము ఒక సైకిలు పందెములో మూడవవాడుగా వచ్చినాడు. ఆ ఆదివారము ఆరాధనలో అతనిని నిలబెట్టి, సంఘమంతటిచేత చప్పట్లు కొట్టించినది మేమే. మొదటి కొరింథీ పత్రిక 9వ అధ్యాయము తీసి, పందెమునందు పరుగెత్తువాడు తన శరీరమును ఎట్లు అదుపులో ఉంచుకొనునో చెప్పి, “మన బిడ్డను చూడండి” అని వేలుపెట్టి చూపినది కూడ మేమే. అది మొదలు ప్రతి ఆదివారము గుడి మెట్లమీద ఎవరో ఒకరు “ఈసారి ఫస్టేనా?” అని అడిగేవారు. మేమును అడిగినాము.

తండ్రి కూరగాయలు పండించి పట్నము పంపే రైతు. శిక్షకుడు ఎవరును లేరు. ఎక్కువ తొక్కినవాడే గెలుస్తాడని ఎవరో చెప్పగా అదే నమ్మినాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి పంపడము, సాయంత్రము కాలేజీ నుండి రాగానే మరల పంపడము. ప్రతిదినము ఒకే తీరున, ఉన్న బలమంతా పెట్టి తొక్కాలి. ఆదివారము హైదరాబాదు నుండి గుంపులుగా వచ్చే సైకిలువాళ్లతో పోటీపడి తొక్కేవాడు. ఆరాధనకు సగము రోజులు రాలేదు. కొన్నాళ్లకు వేగము తగ్గింది. తగ్గిందని తండ్రి మరి పది కిలోమీటర్లు పెంచినాడు. ఇంకా తగ్గింది. మోకాలు నొప్పి, విడువని జలుబు, అన్నము సహించదు, రాత్రి నిద్ర పట్టదు, చెల్లెలు మాటాడితే కసురుకోవడము. ఆ తరువాతి పందెములో చివరివారిలో ఒకడుగా వచ్చినాడు. మేము అతనికి ఏమి చెప్పినాము? “ఇది శోధన, నిలబడు” అని చెప్పినాము. ఇప్పుడు తలచుకొంటే సిగ్గుగా ఉన్నది.

గ్రామములలో మన బిడ్డలు సైకిలు పందెమనీ, కబడ్డీ అనీ, పోలీసు ఉద్యోగముకొరకు పరుగు అనీ ఎందరో ఈ దారిలో ఉన్నారు. తల్లిదండ్రులకు తెలియవలసిన సంగతి ఒకటి ఉన్నది. బలము సైకిలుమీద ఉన్నప్పుడు రాదు, దిగిన తరువాత వస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు తొడ కండరములలోని నారపోగులు కంటికి కానరానంతగా చిట్లుతాయి. కండరములోను కాలేయములోను దాచియున్న చక్కెర ఖర్చైపోతుంది. అంటే ఆ గంట సేపట్లో మనిషి బలహీనుడవుతాడే గాని బలవంతుడు కాడు. తరువాత తిని పడుకొన్నప్పుడు, ముఖ్యముగా గాఢనిద్రలో, దేహము ఆ చిట్లినదానిని బాగుచేసి, మునుపటికంటె కొంచెము గట్టిగా కట్టుకొంటుంది. ఖర్చైన చక్కెర మరల నిండడానికి కడుపునిండ తిన్నను దాదాపు ఒక దినము పడుతుంది. ఆ బాగు పూర్తికాకముందే మరల చిట్లగొడితే గోడ లేవదు, పునాది కదులుతుంది. చేవెళ్ల రైతులకు ఇది చెప్పనక్కరలేదు. క్యారెట్ మడికి నీరు కావాలి గాని, నీరు నిలువ ఉంచితే గడ్డ కుళ్లుతుంది. ఎండిపోతున్నదని భ్రమపడి మరి నీరు పెట్టే రైతు ఉంటాడా? ఆ తండ్రి కొడుకు విషయములో చేసినది అదే.

లోకములో గొప్ప పందెగాండ్రు ఏమి చేస్తున్నారో చూడండి. ఫ్రాన్సు దేశపు ‘టూర్ ద ఫ్రాన్స్’ పందెము 1903లో మొదలైనది. ఆ మొదటి ఏడు ఆరు దఫాలు మాత్రమే తొక్కించి, దఫాకు దఫాకు మధ్య విశ్రాంతి ఇచ్చినారు. ఈ కాలములో మూడు వారములలో 21 దఫాలు, మధ్యలో రెండు విశ్రాంతి దినములు. ఆ రెండు దినములలో కూడ వారు మంచమెక్కి పడుకోరు. గంట, రెండు గంటలు కాళ్లు ఆడేటంతగా మెల్లగా తొక్కి వస్తారు. విశ్రాంతి అంటే సోమరితనము కాదని వారికి తెలుసు.

మన దేశపు సంగతి. 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్)లో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీలలో భారత బాలుర జట్టు టీమ్ స్ప్రింటులో బంగారు పతకము తెచ్చింది. అందులో ఉన్న ఈసో ఆల్బెన్ నికోబారు దీవుల బిడ్డ. స్ప్రింటు పందెములో పూర్తి బలము పెట్టేది కొన్ని సెకండ్లే. ఆ కొన్ని సెకండ్ల పరుగుకు, ఇంకొక పరుగుకు మధ్య శిక్షకులు చాలా నిమిషములు ఊరక కూర్చోబెడతారు. చూచేవారికి అది ఆలస్యము. తెలిసినవారికి అదే శిక్షణలో సగము. మన హైదరాబాదులోను 2002 జాతీయ క్రీడలకొరకు ఉస్మానియా విశ్వవిద్యాలయములో సైకిలు పందెముల వెలోడ్రోము కట్టినారు.

ఇంకొకరి సంగతి కూడ చెప్పాలి. నెదర్లాండ్స్ దేశపు టామ్ డ్యుమోలిన్ 2017లో ఇటలీ దేశపు పెద్ద పందెము ‘జీరో’ గెలిచినవాడు. 2021 జనవరిలో, జట్టు శిక్షణ శిబిరము నడుస్తుండగానే, జీతము లేని సెలవు పెట్టి ఇంటికి వెళ్లిపోయినాడు. అందరి ఆశలు మోయలేక తనకేమి కావాలో తనకే తెలియకుండా పోయిందన్నది అతని బాధ. కొన్ని నెలల తరువాత మరల సైకిలెక్కి, ఆ ఏడే టోక్యో ఒలింపిక్సులో టైమ్ ట్రయల్ పందెమున వెండి పతకము తీసుకొన్నాడు. అయితే విశ్రాంతి తీసుకొంటే పతకము వస్తుందని లెక్క కట్టకండి. 2022లో అతడు పందెములు పూర్తిగా మానుకొన్నాడు. పతకము వచ్చినను మోయలేని బరువు మోయలేనిదే.

ఇదంతా చదువుతూ లేఖనములు మరల తిప్పినాము. నిర్గమకాండము 23లో విశ్రాంతి దినము ఎద్దుకును గాడిదకును కూడ కావాలని దేవుడు చెప్పినాడు. లేవీయకాండము 25లో ఏడవ ఏట భూమికే సెలవు. ఎద్దుకున్న సెలవు మన బిడ్డకు లేకుండా చేసినామా? మొదటి రాజులు 19లో ఏలీయా బదరీ వృక్షము క్రింద పడి, చచ్చిపోతే బాగుండునన్నాడు. దేవదూత అతనికి ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చినాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చినాడు, మరల నిద్రపోనిచ్చినాడు. మరల రొట్టె. ప్రయాణము సంగతి ఆ తరువాతనే ఎత్తినాడు. మేమైతే ఆ అబ్బాయికి రొట్టెకు ముందే ప్రసంగము పెట్టినాము.

ఆదివారము సంగతి అడిగేవారు ఉంటారు. ఎరిక్ లిడ్డెల్ 1924 పారిస్ ఒలింపిక్సులో ఆదివారము పరుగెత్తనని 100 మీటర్ల పందెము వదులుకొని, 400 మీటర్లలో గెలిచిన కథ మన గుళ్లలో అందరు చెప్పుతారు. దాని తరువాతి భాగము తక్కువమంది చెప్పుతారు. మిషనరీగా చైనాలో ఉండగా జపానువారు నిర్బంధించిన వెయ్‌సియెన్ శిబిరములో, ఆదివారము పిల్లలు పెద్దదిక్కు లేక ఆటలో కొట్టుకొంటుంటే, ఆ లిడ్డెల్ గారే ఆదివారము వచ్చి ఆటకు రిఫరీగా నిలబడినారు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరములోనే ప్రభువునందు నిద్రించినారు. దినమును ఆచరించడము ఆయనకు తెలుసు. ఆ దినము ఎవరికొరకు ఇయ్యబడినదో కూడ తెలుసు.

ఇక సంతోషము సంగతి. జెకర్యా 8వ అధ్యాయములో దేవుడు యెరూషలేమును బాగుచేసినప్పుడు ఎట్లుండునో ప్రవక్త చెప్పుతాడు. ఆ పట్టణపు వీధులలో మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకొంటూ ఉంటారట. గెలుస్తూ అని లేదు, ఆడుకొంటూ అని ఉన్నది. మేము ఆ అబ్బాయితో ఒంటరిగా కూర్చున్నప్పుడు అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “సైకిలంటేనే యాష్టకొచ్చింది అయ్యగారూ. గెలువకపోతే గుళ్లె ముఖమెట్ల చూపియ్యాలె?” అన్నాడు. మోకాలి నొప్పికంటె ఆ మాట మమ్మును ఎక్కువ కలచింది. అతడు ఆరాధన మానినది తొక్కుటకే అనుకొన్నాము. కొంతవరకు మమ్మును తప్పించుకొనుటకు కూడ.

తండ్రి మాటలో న్యాయము లేకపోలేదు. “మాకున్నది ఎకరంన్నర. ఆటల కోటాల ఉద్యోగమొస్తే ఇల్లు నిలబడ్తది. నేను వాన్ని చంపుకోవాలని చేసిన్నా?” అన్నాడు. కాదు. ఆ ఆశ పాపము కాదు. కోటా మాట ఎట్లున్నా, అరిగిపోయిన పిల్లవాడు ఏ పందెము గెలువడన్నది ముందు చూడవలసిన లెక్క. అందుకే ఆయనతో కూర్చొని, తెలిసినవారిని అడిగి, ఒక వారపు పద్ధతి వ్రాసినాము. మీ ఇంట పందెగాడు ఉంటే పనికివస్తుంది.

వారములో గట్టిగా తొక్కే దినములు రెండు, మహా అయితే మూడు. వాటి మధ్య మెల్లగా తొక్కే దినములు. మెల్లగా అంటే ఎంత? ఆయాసము లేకుండ ఒక కీర్తన పాడుకొంటూ తొక్కగలగాలి. పాట తెగితే వేగము ఎక్కువైనట్టే. ఒక దినము పూర్తిగా సెలవు. మన ఇండ్లలో అది ఆదివారము కావడానికి అడ్డేమున్నది? మూడు వారములు కొంచెము కొంచెము పెంచి, నాలుగవ వారము తగ్గించాలి. పందెమునకు ముందు వారము దూరము బాగా తగ్గించి, కాళ్లు మరచిపోకుండ చిన్న చిన్న వేగపు తొక్కుళ్లు ఉంచాలి. ఈ వయసు పిల్లలకు రాత్రి ఎనిమిది గంటలకు తక్కువ కాకుండ నిద్ర కావాలి. గట్టిగా తొక్కి వచ్చిన గంటలోపల అరటిపండు, పల్లీపట్టి, గుడ్డు, ఉప్పు వేసిన మజ్జిగ, తరువాత అన్నము పప్పో జొన్నరొట్టెయో, కడుపునిండ. డబ్బాలలో అమ్మే పొడులకు డబ్బు పోయనక్కరలేదు.

ప్రొద్దున మెలకువ రాగానే, లేవకముందే, మణికట్టు నాడి ఒక నిమిషము లెక్కపెట్టి నోటుబుక్కులో వ్రాయండి. మామూలుకంటె ఏడెనిమిది ఎక్కువగా రెండు మూడు దినములు ఉంటే దేహము ఇంకా కోలుకోలేదని అనుమానించాలి. నాడి ఒక్కటే సాక్షి కాదు. నిద్ర, ఆకలి, కోపము కూడ చూడండి. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతే అది మంచి శిక్షణ గుర్తు కాదు, డాక్టరుకు చూపవలసిన సంగతి. అలసట వారాలు గడిచినా తీరకపోతే రక్తపరీక్ష చేయించండి. రక్తహీనత మన పల్లెపిల్లలలో సాధారణము.

చీకటిలో తొక్కించడము మాత్రము ఈ దినమే మానిపించండి. హైదరాబాదు–బీజాపూరు రోడ్డు సంగతి ఆలూరువారికి తెలియనిదా? 2024 డిసెంబరులో ఆలూరు గేటు దగ్గర రోడ్డుపక్కన కూరగాయలు అమ్ముకొనేవారి మీదికి లారీ దూసుకువచ్చి ప్రాణాలు తీసింది. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్నది. నిద్ర చాలని పిల్లవాని కన్ను, చేయి వెనుకబడతాయి. ఆ రోడ్డు వెనుకబడినవానికి ఆగదు. తెల్లవారిన తరువాతనే, తలకు హెల్మెట్, వెనుక ఎర్రదీపము. గట్టిగా తొక్కే దినమున వీలైతే పోలీసు అకాడమీ దగ్గర ఔటర్ రింగు రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న ప్రారంభమైన, పైన సౌర పలకల కప్పు ఉన్న సైకిలు దారి మేలు. ప్రారంభమైనప్పుడు అది నానక్‌రాంగూడ వరకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, లారీలు ఉండవు. పట్నము వెళ్లే కూరగాయల ఆటోలో సైకిలు వేసుకొని పోవచ్చునని తండ్రే చెప్పినాడు.

మొదట మాత్రము మూడు వారములు సైకిలు మాట ఎత్తవద్దని ఒప్పందము చేసికొన్నాము. సంఘపెద్దలతో కూడ మాట్లాడి, గుడి మెట్లమీద ఆ ప్రశ్న అడుగవద్దని కోరినాము. రెండవ వారములో అతడు తండ్రి పాత సైకిలు తీసికొని, చెల్లెలిని వెనుక కూర్చోబెట్టుకొని చేను దాక పోయి వచ్చినాడట. దారిలో దిగి ఇద్దరు చింతకాయలు కొట్టుకొన్నారట. వచ్చే పందెమునకు పేరు పంపవలెనా అని తండ్రి మమ్మును అడిగినాడు. అబ్బాయిని అడగమన్నాము. పరీక్షలు కానీయమన్నాడట.

పోయిన ఆదివారము ఆ తల్లి ఆరాధన తరువాత మా దగ్గరకు వచ్చి, “చీర వాడే తీసిండు అయ్యగారూ. నేను ఉతికి ఆరేసిన” అన్నది. టైర్లలో గాలి దిగిపోయిందట, పంపు ఎవరింట ఉన్నదో వెదుకుతున్నాడట.