వేషం వేసేదెవరు?

కళ కళ కోసమా, ప్రజల కోసమా అనే చర్చ కాలేజీల్లో పాతదే. నన్నడిగితే, నాటకం ఏం చెబుతోందన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎవరి చేత చెప్పిస్తోందో కూడా చూడాలి.

మా సి.బెళగల్‌కు పడమటనున్న ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోదే. ఆ బళ్ళారిలో రాఘవగారని (1880-1946) పేరుమోసిన వకీలు, అంతకు మించిన నటుడు ఉండేవారు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే ఆ రోజుల్లో, స్త్రీ పాత్ర స్త్రీయే ధరించాలని ఆయన పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించారు. సంస్కరణ గురించి డైలాగులు చెప్పి ఊరుకోలేదు, ముందు తన రంగస్థలాన్నే సంస్కరించుకున్నారు. కళలో నిజాయితీ అంటే అదీ!

మరి మన సంగతి? మా వైపు జాతర నాటకాలకు ద్రౌపది, చంద్రమతి పట్నం నుంచి వస్తారు. తెల్లవార్లూ చూసి మెచ్చుకుంటాం. మన ఇంటి పిల్ల వేషం వేస్తానంటే మాత్రం 'నలుగురూ ఏమనుకుంటారు?' అంటాం.

చదువుకున్న మనమూ అంతే. స్త్రీ స్వేచ్ఛ మీద నాటిక వేద్దామని రిహార్సల్సు సాయంత్రం పెట్టాం. ఆఖరి బస్సు తప్పిపోతుందని పల్లెల నుంచి వచ్చే అమ్మాయిలు మానుకున్నారు. వాళ్ళ మాటలు కూడా మేమే చెప్పేశాం. చప్పట్లు బాగానే పడ్డాయి. వాళ్ళు లేని లోటు ఎవరికీ తోచలేదు, నాక్కూడా!

మిత్రులారా, వచ్చే ఏడు రిహార్సల్సు మధ్యాహ్నమే పెట్టుకుందాం. సంఘంలో మార్పు అంత చిన్న పనితో మొదలైతే నామోషీ ఏముంది?