దుబాసీ ఎవరి మనిషి?

శ్రీలంక క్రీడాకారిణుల మీద పరిశోధనకి వెళ్లినప్పుడు, సింహళం నుంచి ఇంగ్లీషులోకి చెప్పే మనిషి కోసం కొలంబో అంతా తిరిగాను. ఒక సంస్థవాళ్లు రేట్ల కాగితం చేతిలో పెట్టారు. కోర్టులు, ఆసుపత్రులు, వ్యాపారం అన్నీ అయ్యాక అట్టడుగున ‘క్రీడలు, వినోదం’. అన్నిటికన్నా తక్కువ రేటు దానికే. ‘ఆటల్లో మాట్లాడేదేముంటుంది మేడమ్?’ అన్నాడు గుమాస్తా. పంపిన ఇద్దరూ మగవాళ్లే. ఆ తర్వాత జట్టు మేనేజరే ‘నేను చెబుతాలెండి’ అంటూ కుర్చీ లాక్కున్నాడు.

ఆ అమ్మాయి అయిదు నిమిషాలు మాట్లాడింది. ఆయన నాకు చెప్పింది ఒక్క ముక్క: ‘సౌకర్యాలు బాగున్నాయంటోంది.’

ఇది చిన్న విషయమా? జట్టులో చోటు కావాలంటే లైంగికంగా లొంగాలని మహిళా క్రికెటర్లని అధికారులు వేధిస్తున్నారని 2014లో ఆ దేశపు పత్రికలు రాశాయి. వేధింపు నిజమేనని క్రీడా మంత్రిత్వశాఖ వేసిన విచారణ సంఘం 2015లో తేల్చింది. అలాంటి చోట మేనేజరు నోటితో క్రీడాకారిణి మాట వినడమంటే దొంగ చేత పంచనామా రాయించడమే.

డోపింగ్ పరీక్ష చూడండి. క్రీడాకారిణికి వెంట ఒక ప్రతినిధినీ, ‘అందుబాటులో ఉంటే’ దుబాసీనీ ఉంచుకునే హక్కు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమాల్లో ఉంది. స్త్రీ మూత్రం నమూనా ఇచ్చేటప్పుడు దగ్గరుండి చూసేది స్త్రీయే కావాలన్న నియమం కూడా ఉంది. దానికి మాత్రం ‘అందుబాటులో ఉంటే’ అన్న తోక లేదు. అంటే తప్పనిసరి చేయదల్చుకుంటే చేయగలరన్నమాట! ఒంట్లో ఏ నిషిద్ధ పదార్థం దొరికినా బాధ్యత ఆమెదే. ఆమె సంతకం పెట్టే కాగితంలో ఏముందో ఆమె భాషలో చెప్పించడం మాత్రం తప్పనిసరి కాదు.

‘ఇంగ్లీషు నేర్చుకోవచ్చుగా’ అనేవాళ్లున్నారు. సింహళంలో ఇంగ్లీషుని ‘కడువ’ అంటారు, అంటే కత్తి. ఆ కత్తి ఏ వర్గపు ఇళ్లలో ఉందో, ఎవరి మెడమీద ఉందో చెప్పనక్కర్లేదు. జాఫ్నా నుంచి వచ్చిన తమిళ పిల్లకైతే ముందు సింహళపు గోడ, ఆ తర్వాతే ఇంగ్లీషు గోడ.

చివరికి ఒక స్కూలు టీచరు దొరికింది. ఒకప్పుడు నెట్‌బాల్ ఆడిందట. కోచ్ మాటలు చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ‘ఈయన ఆడపిల్లల్ని “ఉంబ” అంటున్నాడు. మీ ఇంగ్లీషులో అదీ “యూ”యే, మర్యాదగా పిలిచినా “యూ”యే. ఏం చెయ్యమంటారు?’ అంది. ‘ఏమే, ఒసేయ్’లు వింటూ పెరిగిన నాకు ఆ తేడా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాని నా నివేదిక ఇంగ్లీషులో. అందులో ఆ పిలుపు అవమానం కాకుండా పోయింది. నేనూ ఆ కత్తి పట్టుకున్నదాన్నేనని ఒప్పుకుంటున్నాను.

దుబాసీని క్రీడాకారిణే ఎంచుకోవాలి, కావాలంటే స్త్రీనే. డబ్బు బోర్డు ఇవ్వాలి, పెత్తనం మాత్రం ఉండకూడదు. ఇంతకన్నా తక్కువకి ఒప్పుకోవద్దని అక్కడి స్త్రీల సంఘాలతో అన్నాను, ఇక్కడా అంటున్నాను.

రెండోసారి టీచరుతో వెళ్తే, మొదట ‘సౌకర్యాలు బాగున్న’ ఆ అమ్మాయే లేచి తలుపు మూసింది. ‘అక్కా’ అంది నన్ను. ఆ మాట వాళ్లకీ మనకీ ఒకటే. గంటంబావు మాట్లాడింది. టీచరుకిచ్చిన డబ్బు ఏ పద్దులో రాయాలో తెలియక, మా లెక్కలవాళ్లు ‘వినోదం’ కింద వేశారు.