భూగర్భ నిక్షేపాల అంచనా: సీస్మిక్ సర్వే ఎంతవరకు ప్రామాణికం?

కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయు నిక్షేపాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా సీస్మిక్ సర్వే ఫలితాలు పతాక శీర్షికలకెక్కడం పరిపాటి. ఆ ఫలితాలు ఏ మేరకు నిర్ధారితమైనవో గుర్తించవలసిన అవసరం అటు పాలనా యంత్రాంగానికి, ఇటు పత్రికా రంగానికి ఎంతైనా ఉంది.

నేలపై లోతు తక్కువ రంధ్రాలలో స్వల్ప పేలుళ్ల ద్వారా గాని, కంపన యంత్రాలు అమర్చిన వాహనాల ద్వారా గాని, సముద్రంలో ఎయిర్‌గన్‌ల ద్వారా గాని తరంగాలను భూగర్భంలోకి పంపుతారు. శిలల పొరలు మారే చోట వాటిలో కొంత భాగం పరావర్తనం చెంది పైకి వస్తుంది. గ్రాహక పరికరాలు నమోదు చేసేది తరంగం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని, దాని తీవ్రతను మాత్రమే. లోతును తరంగ వేగం అంచనాపై ఆధారపడి లెక్కగట్టవలసి ఉంటుంది. ఉదాహరణకు రాకపోకలకు 3 సెకన్లు పట్టి, సగటు వేగం సెకనుకు 3,000 మీటర్లయితే ఆ పొర 4,500 మీటర్ల లోతున ఉన్నట్లు. వేగం అంచనాలో 5 శాతం తేడా వచ్చినా లోతులో 225 మీటర్ల తేడా వస్తుంది.

శిలల మడతలు, భ్రంశాలు, పురాతన నదీ పాయల ఆకృతులు ఈ చిత్రాలలో గోచరిస్తాయి. వాయువు నిండిన ఇసుకరాతి పొర నుంచి బలమైన సంకేతం రావడం కద్దు. అయితే వాణిజ్యపరంగా గిట్టుబాటు కానంత స్వల్ప వాయువు ఉన్నా అటువంటి సంకేతమే రావచ్చు. పొరల మధ్య అనుసంధానం ఎంత ఉన్నదీ బావులు తవ్వి, ఉత్పత్తి సాగించి, పీడనాన్ని పరిశీలించిన మీదటే స్పష్టమవుతుంది.

కేజీ-డి6 అనుభవం ఇందుకు నిదర్శనం. అక్కడ 2002లో వాయు నిక్షేపం కనుగొన్నారు. 2006 నాటి అభివృద్ధి ప్రణాళిక రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్ల ఉత్పత్తిని లక్ష్యంగా పేర్కొంది. 2009 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఉత్పత్తి 2010లో సుమారు 60 మిలియన్లకు చేరి, అనంతరం వేగంగా క్షీణించింది. భూగర్భ సంక్లిష్టతే ఇందుకు కారణమని నిర్వహణ సంస్థ పేర్కొనగా, ప్రణాళిక మేరకు బావులు తవ్వకపోవడమే కారణమని కేంద్ర ప్రభుత్వం వాదించింది. కారణమేదైనా, ఈ వాయువుపై ఆశతో ఆంధ్రప్రదేశ్‌లో నెలకొల్పిన పలు విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక మూలనపడ్డాయి.

ఈ నేపథ్యంలో నిక్షేపాలపై ప్రకటన వెలువడినప్పుడు అది సర్వే అంచనాయా, బావి ద్వారా నిర్ధారితమా, ఉత్పత్తిలో రుజువైనదా అన్న విషయాన్ని ప్రకటనలోను, వార్తలోను విధిగా పేర్కొనడం సముచితం.