ఆ నీరు ఎంత ఎత్తుకు లేచింది?

హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి వెనుక, మూసీ ఒడ్డున ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న నది ఊరి మీద పడినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. పోయినవారు 15,000 వరకూ ఉంటారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ కళ్లెదుటే పోగొట్టుకున్నారు. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం ఆ వరద తర్వాతి సంగతులే. రోజూ నయాపూల్ వంతెన దాటేవారిలో ఎందరికి ఈ కథ తెలుసు?

మూసీకి కొత్త రూపు ఇస్తామని ప్రభుత్వం అంటోంది. రేపు ఒడ్డున శిల్పాలూ వెలుస్తాయి. ఎక్కడైనా ఇమిడిపోయే బొమ్మలు మాత్రం అక్కడ వద్దు. ఊరి పేరు పక్కన ఎర్రటి గుండె, ఫైబరు జింకలు, కొంగలు ఇప్పటికే కూడళ్లను నింపేశాయి. వాటిని లారీకెక్కించి మరో ఊళ్లో దించినా ఎవరూ తేడా పట్టలేరు.

గన్‌పార్కు స్తూపాన్ని అలా కదిలించగలమా? 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవారి కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు మలిచిన ఆ స్తూపం పీఠం మీద తూటా గుర్తులు చెక్కి ఉన్నాయి. ఎదురుగా శాసనసభ ఉంది. లోపలికి వెళ్లే ప్రతి నాయకుడూ వాటిని దాటే వెళ్లాలి.

మూసీ దగ్గరా ఆ తెగువ కావాలి. 1908లో నీరు లేచిన మట్టాన్ని, మనిషి తలెత్తి చూడాల్సి వచ్చేలా, ఒడ్డు పొడవునా రాతిలో చెక్కించాలి. పోయినవారిని తెలుగులోనూ ఉర్దూలోనూ తలుచుకోవాలి. చింతచెట్టు వేళ్లకు ఊపిరాడకుండా చుట్టూ సిమెంటు పోయకూడదు. 2024లో మూసీ కొత్త రూపు కోసం ఇళ్లు కూల్చిన మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల పేర్లూ అక్కడ ఉండాలి. ఆ బస్తీల బతుకు ఈ నది చరిత్ర కాదని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఏ శిల్పం పెట్టాలో తక్కువ ధరకు టెండరు వేసిన కాంట్రాక్టరు తేల్చకూడదు. శిల్పులు, చరిత్రకారులు, ఆ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లు కూర్చుని తేల్చాలి. నమూనాలను సచివాలయంలో కాదు, అఫ్జల్‌గంజ్‌లో, ఆ చెట్టు దగ్గరే జనం ముందు పెట్టాలి.