మిరపకాయలు నేర్పిన చరిత్ర

ఏడాది కారం కొట్టించుకునే రోజులు కదా, మా వాడరేవు ఇంటి వరండాలో చాప పరుచుకుని గుంటూరు మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. పక్కనే మా అమ్మాయి ఫోన్లో కొరియా సీరియల్ చూస్తోంది. "ఏమే, ఒక్క కాయకన్నా తొడిమ తీయవా?" అన్నాను. "అమ్మా, వాళ్లూ మనలాగే కారం తింటారు, తెలుసా?" అంది. అక్కడ మొదలైంది నా చదువు.

ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. అయినా మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజూ ఓ అరగంట ఫోన్లో కొరియా చరిత్ర పాఠాలు వింటున్నాను. వీడియో కింద తెలుగు అక్షరాలు వచ్చేలా మా అమ్మాయే పెట్టిచ్చింది. ఆ తెలుగు ఒక్కోసారి నవ్వు తెప్పిస్తుంది గానీ, విషయం బోధపడుతుంది.

అక్కడి జోసాన్ రాజుల కాలంలో, 1392 నుంచి 1863 దాకా జరిగినవన్నీ రాసిపెట్టారు. ఆ గ్రంథాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం. 1404లో తేజోంగ్ రాజు వేటలో గుర్రం మీంచి పడి, ఈ సంగతి చరిత్ర రాసేవాడికి తెలియనివ్వొద్దన్నాడట. వాడు ఆ మాట కూడా రాసేశాడు!

సీరియల్లో చూసిందంతా చరిత్ర కాదని కూడా తెలిసింది. జాంగ్ గుమ్‌ను సీరియల్లో రాజుగారి వంటింట్లో చూపిస్తారు. ఆ గ్రంథాల్లో మాత్రం ఆవిడ వైద్యురాలే.

నన్ను కదిలించింది ఇంకోటి. సెజోంగ్ రాజు 1443లో సామాన్యుల కోసం కొత్త లిపి తయారు చేసి, 1446లో ప్రకటించాడు. చైనా అక్షరాలు నేర్చిన పెద్దమనుషులు దాన్ని ఆడవాళ్ల రాత అని తీసిపారేశారు. ఆ రాతలోనే దాదాపు 1670లో జాంగ్ గ్యేహ్యాంగ్ అనే ఇల్లాలు, డెబ్బై దాటిన వయసులో, 146 రకాల వంటలూ పానీయాలూ రాసిపెట్టింది. చూపు ఆనకపోయినా రాశానని, కూతుళ్లు నకలు తీసుకోవచ్చు గానీ పుస్తకం పట్టుకుపోవద్దని చివర రాసుకుంది. అందులో మిరపకాయ ఊసే లేదు! 16వ శతాబ్దం చివర్లో అక్కడికి చేరిన మిరప, వంటింట్లో కుదురుకోవడానికి చాలాకాలం పట్టింది. మనకూ పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మిరియాల ఘాటే కదా!

ఇది విన్నాక మా అత్తగారు గుర్తొచ్చారు. పండుమిరపకాయ పచ్చట్లో ఆవిడ చెయ్యి పడితే చాలు. చింతపండు ఎంత, ఉప్పు ఎంత అనడిగితే, "చేతికే తెలుస్తుందమ్మా" అనేవారు. పోయినేడు ఆవిడ వెళ్లిపోయారు. ఈ ఏడు నేను పెట్టిన పచ్చడికి ఆ రుచి రాలేదు. మా వారు ఏమీ అనలేదు గానీ, రెండోసారి వేయించుకోలేదు. ఇరవై ఏళ్లు పక్కనే ఉండి ఒక్క కొలతా రాసుకోలేదే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే చీరాల నుంచి రెండొందల పేజీల నోటుబుక్కు తెప్పించాను. కిలో పండుమిరపకాయలకు పావుకిలో చింతపండు, పావుకిలో ఉప్పు అని అంచనాగా రాశాను. వచ్చే ఏడు సరిచూసుకుంటాను. మా అమ్మ వంటలు ఫోన్లో అడిగి రాస్తున్నాను.

"పెళ్లయ్యాక ఈ పుస్తకం నాకేగా?" అంది మా అమ్మాయి.

"నకలు రాసుకోవే, పుస్తకం ఇక్కడే ఉంటుంది" అన్నాను.

మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారా? ఈ వారమే ఓ నోటుబుక్కు కొనండి. ఏమంటారు?